తెర వెనక నుంచి చూసిన నర్సు

మొన్న ఆదివారం గుడిలో ప్రార్థన ముగిశాక పిన్నిని చూద్దామని ఆగిరిపల్లి వెళ్తే, ఆవిడ మనవరాలు టీవీలో ఒక పాత ఇంగ్లిషు యుద్ధం సినిమా పెట్టింది. అందులో ఒక నర్సు గుడారంలో సైనికుడికి కట్టు కడుతూ కనిపించగానే పిన్నీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ సినిమా మాకు తెలుసు.

మీలో మామిడి తోటల్లో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, కాయకోత రోజుల్లో సినిమా బండి వచ్చిందంటే తోట యజమాని రెండు చెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టించేవారు. ముందువైపు వాళ్ల ఇంటివాళ్లూ ఊరి పెద్దలూ, వెనకవైపు కాయలు కోసే మేమూ కూర్చునేవాళ్లం. ఎవరూ చెప్పక్కర్లేదు, ఎవరి చోటు వాళ్లకి తెలుసు. మావైపు బొమ్మ కుడి ఎడమై, మసక మసకగా కనిపించేది. అయినా గడ్డిలో మగ్గుతున్న రసాల వాసన మధ్య మేం చూసినంత ఇష్టంగా ముందువాళ్లు చూసి ఉండరని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ సినిమా వచ్చిన వేసవిలో ఇంట్లో ఒకటే తర్జనభర్జన. పిన్నిని నర్సు ట్రైనింగుకి తీసుకుంటామని మిషన్ ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. మగాళ్ల పుళ్లు కడిగే పనేంటని తాతయ్య నసుగుతుంటే, ముసునూరు అత్త వచ్చి, నర్సంటే దొరసానిలా తెల్లగా ఉండాలి, దీన్ని చూస్తే రోగులు మంచం దిగి పారిపోతారని నవ్వేసి పోయింది. పిన్ని నవ్వలేదు. అమ్మమ్మ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

అంతలో సినిమా బండి వచ్చింది. గుడ్డ దాటి వచ్చేసరికి వెలుతురు సగం చచ్చిపోయి, ఆ నర్సు మొహం మా అందరి మొహాల్లాగే చామనఛాయలో కనిపించింది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, సైనికులు ఆమెకి సెల్యూట్ చేయడం మాత్రం బాగా అర్థమైంది. అమ్మమ్మ తాతయ్య వైపు తిరిగింది.

"ఏమయ్యా, చూశావా? ఆ పిల్లది మన పిల్ల రంగేగా. దాన్ని చూసి ఎవడన్నా పారిపోతున్నాడేంటి? పంపిద్దాం."

పిన్ని వెళ్లింది. రిటైరయ్యేదాకా ఆసుపత్రిలోనే చేసింది. ముసునూరు అత్త చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు, పిన్ని వస్తే తప్ప సూది వేయించుకోనని పంతం పట్టేది.

ఇప్పుడు టీవీలో ఆ నర్సు పాలమీగడలా తెల్లగా ఉంది. తక్కిన నర్సులూ అంతే. మా రంగు మనిషి ఒక్కతే, వెనక బేసిను పట్టుకుని నిలబడి, ఒక్క మాటైనా లేకుండా పక్కకి తప్పుకుంది. ఆ యుద్ధంలో మన దేశపు నర్సులూ పనిచేశారని నూజివీడు గ్రంథాలయంలో చదివినదాన్ని కాబట్టి, ఊరుకోలేక మనవరాలికి అదంతా చెప్పాను. సినిమా చివర వేసే పేర్లలోనైనా ఆ బేసిను పట్టుకున్నామె ఉందేమోనని ముగ్గురం కూర్చున్నాం. లేదు.

పిన్ని టీవీ కట్టేసింది. తర్వాత మెల్లగా అంది: "అమ్మ గుడ్డకి అటువైపు కూర్చుని ఉంటే, నేనింకా కాయలే ఏరుకుంటూ ఉండేదాన్నే."

ఇప్పుడు అందరం తెరకి ఒకేవైపు కూర్చుంటున్నాం. అది మంచిదే, కాదనను. కానీ ఆటోలో ఇంటికొస్తుంటే దారి పొడవునా మనసు అదోలా అయిపోయింది. మసక గుడ్డ అన్నేళ్ల కిందట మాకిచ్చిన మా నర్సుని, ఇంత స్పష్టంగా కనిపించే ఈ టీవీ ఒక్క పూటలో తీసుకుపోయింది.