ధూళిలో దాగిన నక్షత్రం మీద అన్న ఫొటో

శంషాబాద్‌లో ప్లాట్లు అమ్మే ఆఫీసులో నేను బ్రోచర్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. పని లేనప్పుడు నక్షత్రాల గురించి చదువుకుంటాను. నా కంప్యూటర్ తెర మీద చాలాకాలం ఒక బొమ్మ ఉండేది: అప్పుడే పుడుతున్న నక్షత్రం, దాని రెండు ధ్రువాల నుంచి చెరోవైపుకూ చిమ్ముతున్న వాయుధారలు. నక్షత్రం మాత్రం కనిపించదు, చుట్టూ దట్టమైన ధూళి. మీద పడే వాయువులో కొంత తనలో కలుపుకుని, కొంత ఇలా బయటికి విసిరేస్తూ అది పెరుగుతుంది. ఆఫీసు అరుపుల మధ్య ఆ నల్లటి నడిమి భాగాన్ని చూస్తే నాకు ఊపిరాడేది. అది ఒక్కటైనా నాది అనుకునేదాన్ని.

కొత్త వెంచర్ మొదలుపెట్టే ముందు మా ఓనరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన్ని అందరం అన్నా అనే పిలుస్తాం. నోటి నిండా గుట్కా. ఆ వాసన నా మెడ మీద.

“ఇదేంది చెల్లే, మస్తుగుంది! గీ ధార ఎయిర్‌పోర్టు దిక్కు, గా ధార రింగ్ రోడ్డు దిక్కు. ఫ్లెక్సీకి గిదే పెట్టు. నడుమ ఖాళీ ఉంది గదా, ఆడ నా ఫొటో కొట్టు.”

“ఖాళీ గాదన్నా,” అన్నాను. “ఆడ చుక్క ఉంది.”

“ఏడుంది? కనిపిస్తలేదు.”

“దుమ్ముల ఉంది.”

“దుమ్ములున్నదాన్ని ఎవడు జూస్తడు? నన్నైతే జూస్తరు!”

పక్క టేబుల్ అక్క పగలబడి నవ్వింది. “అన్ననే పెద్ద చుక్క. ఇంకో చుక్క ఎందుకే?”

“నేను పెట్టనన్నా. వేరే బొమ్మ చేసిస్త.”

ఆయన కోప్పడనూ లేదు. అదే మరింత రోతగా అనిపించింది. “పరేషాన్ గాకు, అక్క కొడ్తది తియ్,” అంటూ నా భుజం మీదుగా వంగి తెరను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. భోజనాల వేళకే అక్క పని ముగించింది.

ఇప్పుడు ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు ఆగినప్పుడల్లా ఎదురుగా అదే. తెల్ల చొక్కా, బంగారు గొలుసు, దండం పెడుతున్న చేతులు. చెవుల్లోంచి చిమ్ముతున్నట్టు నా వాయుధారలు. గాలికి ఫ్లెక్సీ చిరగకుండా అక్కడక్కడ చీలికలు పెడతారు. అవి సరిగ్గా ఆయన బుగ్గల మీద పడ్డాయి. గాలి వీచినప్పుడల్లా నోళ్లలా తెరుచుకుంటాయి. కింద గోడ నిండా ఉమ్మిన ఎర్రటి మరకలు.

నా తెర మీద ఆ బొమ్మ తీసేశాను. ఒకసారి మళ్ళీ పెట్టి చూశాను. ధూళి నడుమ ఆయన నవ్వే కనిపిస్తే మళ్ళీ తీసేశాను. ఇప్పుడక్కడ ఉత్త నలుపు.

నిన్న అన్న అటుగా పోతూ ఆగాడు. “ఏంది చెల్లే, గంత ఖాళీగ పెట్టినవ్?”

ఆయన ఇంకా వంగకముందే తెర ఆపేశాను.