అవ్వ కూర్చోబెట్టిన బండ

ఉదయగిరి కోట గురించి నాకు తెలిసినంత, ఆ కోట కట్టినవాళ్ళకు కూడా తెలియదు. వాళ్ళు ఒకసారి కట్టి ఊరుకున్నారు. నేను ఆత్మకూరు నుంచి ఆటో తోలుతూ రోజూ దాన్ని కొత్తగా కడుతుంటాను. తొమ్మిదో తరగతి సోషల్ పరీక్షలో రాజులకు పేర్లు నేనే పెట్టి రాస్తే, సారు పేపరు చదివి కళ్ళు తుడుచుకున్నారు. అంతటితో బడికీ నాకూ చెల్లు.

కొండ కింద దారి పక్కన పెద్ద బండ ఒకటి ఉంది. దాని మీద గిన్నెలంత గుంటలు మూడు. సేనాపతి గారి ఏనుగు మోకాళ్ళూని కొండకు దణ్ణం పెట్టిన చోటని చెప్పేవాణ్ణి. మూడో గుంట ఏమిటని అడిగినవాళ్ళకు, అది తొండం ఆనించిన చోటు.

ఒకరోజు మా అవ్వ ఆదిశేషమ్మకు ఆత్మకూరులో కంటి పరీక్ష చేయించి తీసుకొస్తున్నాను. ఆమె పక్కన కోట చూడబోతున్న నెల్లూరు భార్యాభర్తలు. బండ దగ్గర ఆపి, అలవాటుగా ఏనుగును మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. అవ్వ ఆటో దిగింది.

"ఏందిరా పెంచలా, ఏనుగేంది? ఇది మా యమ్మ తొక్కు నూరిన రోలు గదరా!"

"అవ్వా, నువ్వు ఊరుకో."

"నేనెందుకు ఊరుకోవాల? కొండ మింద కట్టెలు కొట్టుకోని దిగినోళ్ళంతా ఈడ్నే చింతకాయా మిరపకాయా నూరుకోని సంగట్లోకి తినేవాళ్ళు. ఈ చివర గుంట మాది. నన్ను ఒళ్ళో ఏసుకోని పాలిస్తానే ఒక చేత్తో నూరేది మా యమ్మ. రా, ఈడ కూకో."

గుంట పక్కన బండ నున్నగా, లోపలికి అరిగి ఉంది. ఇన్నేళ్ళూ అది నా కంటికి ఆనలేదు. కూర్చున్నాను. దర్జీ కొలతలు తీసి చెక్కినట్టు సరిగ్గా ఒదిగిపోయాను.

"చూసినావా, మా యమ్మ పిర్రలే నీకొచ్చినాయి" అంది అవ్వ. నెల్లూరు ఆవిడ పడీపడీ నవ్వుతూ దాన్నీ ఫోటో తీసింది. వంశం ఆనవాళ్ళు కొందరికి కత్తిలో, కొందరికి మీసంలో దొరుకుతాయి. నాకు దొరికిన చోటు నలుగురిలో చూపించుకునేది కాదు.

అయినా ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టుకుంది. దారిలో ముసలమ్మ ఎవరైనా ఆటో ఎక్కితే చాలు, మీ అమ్మ నీళ్ళు ఎక్కడ తెచ్చుకునేది, కరువు ఏడాది ఏం తిన్నారు అని తగులుకునేవాణ్ణి. నేను నోరు మూసుకుని వింటున్నానని తెలిసి, నాకు జ్వరమేమోనని స్టాండులో వాళ్ళు నుదురు పట్టి చూశారు.

అంతలో ఆ దారిని వెడల్పు చేసే పని మొదలైంది. మేస్త్రీ కొండలయ్య మా బండ మీదుగా సున్నం గీత వేశాడు. మరుసటి రోజే పగలగొడతారట. పరిగెత్తుకుపోయాను.

"అన్నా, దీన్ని పగలగొట్టద్దు. మా ముత్తవ్వ రోలు ఇది."

"మొన్న మా బావమరిదికి ఏనుగు మోకాలని చెప్పినావంట?"

"అది అబద్ధం. ఇది నిజం."

"ఏనుగైతే పైవాళ్ళకు చెప్పి ఆపుండొచ్చు. రోలు కోసం రోడ్డు ఎవురాపుతారబ్బా?"

నా నాలుక మీద ఏనుగు అంబారీతో సహా సిద్ధంగా ఉంది. ఒక్క మాట చాలు. కానీ ముత్తవ్వను లేపేసి ఆ చోట ఏనుగును కూర్చోబెట్టడానికి నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం పుట్టాక అదే మొదలు.

ఇంటికి పోయి చెబితే అవ్వ ఏడుస్తుందనుకున్నాను. "రేపు సంగటి కొంచెం ఎక్కువ కెలకమని మీ అమ్మకు చెప్పు" అంది, అంతే.

మర్నాడు మధ్యాహ్నానికి ముందే అవ్వ బండ ఎక్కి, వాళ్ళమ్మ కూర్చున్న చోటే కూర్చుని, గుండ్రాయితో పచ్చి చింతకాయలు నూరడం మొదలుపెట్టింది. వెల్లుల్లి పడేసరికి పనిచేసే ఆడవాళ్ళు సద్ది గిన్నెలతో చుట్టూ చేరారు.

"పెద్దమ్మా, లెయ్యి. మిషనొస్తా ఉండాది" అన్నాడు కొండలయ్య.

"రానీలే నాయనా. నువ్వు ముందు చెయ్యి పట్టు."

సంగటి ముద్ద, దాని మీద తొక్కు. కొండలయ్య ఒక ముద్ద తిన్నాడు. రెండోది నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

"మా అవ్వ గూడా ఇట్టానే నూరేది. వరికుంటపాడు కాడ, వంక పక్కన బండ మీద. ఏ బండో నేనెప్పుడూ అడగలా."

"ఇప్పుడన్నా పోయి అడుగు."

"ఇంకెవురుండారు పెద్దమ్మా, అడిగేదానికి?"

ఎంగిలి చేత్తోనే లేచి, చెప్పుతో సున్నం గీత చెరిపేశాడు. అవతలి పక్కనున్న పోరంబోకులోకి జరిపి కొత్త గీత వేశాడు. పైవాళ్ళు వంకర ఏమిటని అడిగితే తానే చెప్పుకుంటానన్నాడు.

కోట నేనే గెలిచినట్టు రొమ్ము విరుచుకుని తొక్కు కోసం చెయ్యి చాపాను. గుంట ఖాళీ.

"కడాన వచ్చినోడు రోలు కడగాల. మా కాలం నించీ అంతే" అంది అవ్వ.

కడిగాను. కడిగిన చేత్తో కన్ను నలుపుకున్నాను. బొటబొటా కారుతున్న నీళ్ళు చూసి కొండలయ్య వచ్చి నా భుజం తట్టాడు. మిరపకాయ మంటన్నా అని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు.