బావగారి పేరు

ఈ రోజు అమావాస్య. పొద్దున గుడిలో జరిగింది మనసులో ఉంచుకోలేక ఇప్పుడు రాస్తున్నాను.

మా బావగారు, అంటే మా వారి అన్నగారు, పోయిన నెల చనిపోయారు. పెళ్లయ్యాక అత్తగారితో వాదించి నన్ను కాలేజీలో చేర్చింది ఆయనే. ఆయనకు మోక్షదీపం పెట్టించడానికి మనవరాలితో ఇందిరా నగర్ గుడికి వెళ్లాను. దీపం ఎవరి పేరున పెట్టాలో చెప్పమని పూజారి అడిగారు. మా ఇళ్లలో కోడళ్లు బావగారి పేరు పలకకూడదు. నేను ఏనాడూ పలకలేదు. మనవరాలి వైపు చూశాను.

"నాకేం తెలుసవ్వా? పెద్దతాత అనేదే తెలుసు."

"ఆయన ఒళ్లో పెరిగి పేరు తెలీదా?"

"నీకు తెలుసు కదా, చెప్పు. ఇంక ఆయన యాడ వింటాడు?"

పూజారి వత్తి వెలిగించి ఎదురుచూస్తున్నారు. "గోవిందరాజులు" అన్నాను. ఆయన ఉండగా ఒక్కసారీ నా నోట రాని పేరు, పోయాక దీపానికి చెప్పాను.

మీ పిల్లలకు పెద్దల పేర్లు తెలుసా? అడిగి చూసి నాకు చెప్పండి. మా ఇంట్లో ఇక జరగవలసినవి:

1. ప్రతి అమావాస్యకూ ఆయన పేరున దీపం పెట్టాలి.
2. గుడిలో ఆ పేరు మనవరాలే చెప్పాలి.
3. నా పేరేమిటో ఈ పూట భోజనాల దగ్గర దాన్ని అడగాలి.