ఈల పక్కన పెట్టిన అమ్మ

మా అమ్మ జూలూరుపాడులో ఆడవాళ్లకు కోలాటం నేర్పుతుంది. మెడలో ఈల వేసుకుని వలయం బయట నిలబడుతుంది. ఈల మోగగానే అడుగు మారాలి, మారకపోతే తిట్లే. పర్ణశాలలో ఎన్ని పండగలకు ఆడించిందో! తను ఆడటం మాత్రం నేనెన్నడూ చూడలేదు.

నేను బెంగళూరులో కాంటెంపరరీ డాన్స్ నేర్చుకుని వచ్చాను. అమ్మ జట్టుతో ఖమ్మంలో ఒక ప్రదర్శన చేయిస్తానని ఒప్పుకున్నాను. పాట వందల ఏళ్ల కిందట ఐరోపా చర్చిల్లో పాడినది. వాయిద్యం లేదు. నాలుగు గొంతులు ఒకదాని తర్వాత ఒకటి మొదలై, దేని దారిన అది పోతూనే కలిసి సాగుతాయి. గొంతుకు ఇద్దరు చొప్పున ఆడాలి. నాలుగో గొంతులో ఒకామె మోకాళ్ల నొప్పులని మానుకుంది. ఆ చోట అమ్మే ఆడాలని నా పట్టు.

"నేనాడితే వీళ్లనెవరు చూస్తరే? పో" అంది అమ్మ.

పెళ్లిళ్లు లేని మధ్యాహ్నాలు ఫంక్షన్ హాల్లో స్పీకర్‌లో పాట పెట్టి సాధన. మొదటి ఇద్దరూ చక్కగా కదిలారు. రెండో గొంతు అందుకోగానే ఠక్కున ఆగిపోయారు. కోలాటంలో ఒకరు పాడి ఆపితేనే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ అలవాటు కొద్దీ ఆగారు.

"గిదేం పాట బిడ్డా, ఒకలు పాడుతుంటె ఇంకొకలు అడ్డమొస్తుండ్రు!" అంది జట్టులో ఒకామె.

అమ్మ ఉండబట్టలేక ఈల ఊదింది. అంతే, అందరూ గిర్రున తిరిగి కోలాటం అడుగు వేశారు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది.

చివరికి అమ్మే విసుక్కుంది. "పత్తి ఏరంగ ఎవరి సాలు వాళ్లదే గదనే! పక్కామెతోటి ముచ్చట పెట్టుకుంటనే ఏరుతరు గద. గట్లనే ఆడుండ్రి."

ఆ మాట పట్టుకుని వాళ్లు ఆడేశారు, ఈల లేకుండానే. నేను సంబరంగా అమ్మ వైపు చూశాను. ఆమె ముఖం చిన్నబోయి ఉంది.

"ఇగ నాతోటి ఏం పని?" అంది మెల్లగా. నేను నాలుగో గొంతులో ఖాళీగా ఉన్న ఆ చోటునే మళ్లీ చూపించాను. అమ్మ మెడలో ఈలతోనే వెళ్లి అక్కడ నిలబడింది.

ఖమ్మంలో తెర తీసే ముందు ఈల తీసి నా చేతిలో పెట్టింది. నాలుగో గొంతు మొదలైంది. అమ్మ కాస్త ఆలస్యంగా కదిలింది. ఎవరి అడుగూ సరిచేయలేదు, ఎవరి వైపూ తిరగలేదు. పాట అయ్యేదాకా నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

చెమట తుడుచుకుంటూ వచ్చి అడిగింది.

"మనోళ్లు ఎట్ల ఆడిండ్రే? నేను చూడనే లేదు."