తూము లేని కోట

మా బావగారికి కుడిచెయ్యి పడిపోయిన తర్వాత మేమిద్దరం ఆట మానేశాం. అంతకుముందు, ఆదివారం చర్చి అయిపోగానే, పాలకొల్లులో వాళ్ళింట్లో రెండు కంప్యూటర్లు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చునేవాళ్ళం. రైతుల చేత కలప, రాయి, ధాన్యం కూడబెట్టించి, కోట కట్టి, సైన్యాన్ని తయారుచేసి అవతలివాడి మీద పడే యుద్ధాల ఆట. ఎక్కువగా ఆయనే గెలిచేవారు. పక్షవాతం వచ్చాక నడక కుదుటపడింది, మాట కుదుటపడింది. మౌస్ పట్టుకునే వేళ్ళకు మాత్రం పట్టు రాలేదు.

ఆయన కూతురు, అంటే నా మేనకోడలు, ఈమధ్య టీవీకి తగిలించే గేమ్ కన్సోల్ కొంది. అలాంటి యుద్ధాల ఆటే ఒకటి వచ్చిందని, దాన్ని కొనకుండానే కొంత ఆడి చూసే డెమో దింపిపెట్టానని ఫోన్ చేస్తే నిడదవోలులో రైలెక్కాను. నాన్న ఆడగలిగితే అసలు ఆట కొంటుందట, లేకపోతే డెమోతోనే ఆపేస్తుందట. ఆయన ఆడగలరో లేదో చూడడానికే వెళ్ళాను.

ఆట తెరుచుకోగానే నాకు చిరాకు మొదలైంది. ఎంత కలప ఉందో, ఎంత రాయి ఉందో టీవీలో ఒక మూలన చీమల బారులా వేశారు. నేను చేపల చెరువులు తవ్వేచోట మట్టి లెక్క కట్టేవాణ్ణి. ఇంజనీరింగ్ చదవలేదు, చేస్తూ నేర్చుకున్నాను. అంకె కనబడకపోతే నాకు చెయ్యి ఆడదు. సోఫా దిగి టీవీ ముందు చతికిలబడ్డాను.

"అడ్డు లెగండి మావయ్యా, మాకేం కనబడట్లేదు," అంది మేనకోడలు.

మౌస్‌తో చిటికెలో అయ్యే పనికి ఈ రిమోట్‌తో ప్రదక్షిణలు చెయ్యాలి. దాని మీద పుల్లలా నిలబడ్డ మీట ఒకటుంది. ఆ పుల్ల తిప్పితే టీవీలో బాణం గుర్తు పొలం గట్టు మీద నత్తలా పాకుతుంది. సైనికులను ఎంచుకోవాలంటే బటన్ నొక్కిపట్టాలి, అప్పుడు ఒక వలయం పెద్దదవుతూ పోతుంది. అందులో పడినవాళ్ళందరూ ఎంపికైనట్టే. నేను సైన్యాన్ని పంపాననుకున్నాను. పక్కన కోత కోస్తున్న రైతులు కూడా కొడవళ్ళతో యుద్ధానికి బయలుదేరారు. పొలంలో ఒక్కడూ మిగల్లేదు.

"వాళ్ళనెందుకయ్యా తీసుకెళ్తున్నావు? పంటెవడు కోస్తాడు?" అన్నారు బావగారు.

"నేను తీసుకెళ్ళలేదండి, వాళ్ళే వస్తున్నారు!"

"సరే, ఇలా ఇవ్వు."

రిమోట్ ఆయన ఒళ్ళో పెట్టాం. ఎడమ బొటనవేలు పుల్లను బాగానే తిప్పింది, నాకంటే నేర్పుగానే తిప్పింది. ఎంచుకునే బటన్ మాత్రం కుడివైపు ఉంది. కుడి బొటనవేలు దానిమీద ఆనుతుంది, అంతలోనే జారిపోతుంది. కాసేపు ప్రయత్నించి రిమోట్ పక్కన పెట్టేశారు.

రెండు రిమోట్లను కలిపి ఒక్కటిగా పనిచేయించవచ్చని మేనకోడలే చెప్పింది. పుల్ల నాన్న తిప్పుతారు, కుడివైపు బటన్లు మావయ్య నొక్కుతారు. అలాగే కూర్చున్నాం. నది దాటి అవతలి కోట పట్టుకోమని ఆట చెప్పింది.

"ముందు గుర్రాలు తయారుచేద్దాం," అన్నారాయన.

"ముందు గట్టు వేసేద్దామండి బావగారూ. తర్వాత ఏదైనా చేసుకోవచ్చు."

బటన్లు నా చేతిలో ఉన్నాయి కాబట్టి నా మాటే నెగ్గింది. ఊరి చుట్టూ రాతిగోడ ఒక్క సందు లేకుండా కలిపేశాను. మా చెరువుల పనిలో అంతే. నాలుగు వైపులా గట్టు కలిశాకే నీరు పెట్టడానికీ తీయడానికీ తూము ఎక్కడ పెట్టాలో చూస్తాం, అక్కడ గట్టు కోసి పెడతాం. ఇక్కడ మాత్రం గోడ కలిసేసరికి రాయంతా అయిపోయింది. ద్వారం పెట్టాలంటే రాయి కావాలి. రాతి గని చూస్తే గోడ బయట ఉంది.

ఆ తర్వాత తయారుచేసిన మా గుర్రాలు లోపల్లోపలే గోడ వెంబడి తిరగసాగాయి. బావగారు టీవీనీ నన్నూ మార్చిమార్చి చూశారు.

"కోట కట్టమంటే చెరువు కట్టావు కదయ్యా. రొయ్యలేస్తావేంటి ఇందులో?"

మేనకోడలు దిండులో మొహం పెట్టుకుని నవ్వుతోంది.

"ఒక పక్క కూలగొట్టు," అంటూ ఆయన బాణం గుర్తును తీసుకెళ్ళి గోడ మీద నిలిపారు.

"ఆగండి, ఏ పక్క కూలిస్తే తక్కువ నష్టమో చూస్తున్నాను."

"నొక్కరా బాబూ!"

ఈ ఆట మనం చూసుకునేదాకా ఆగదు. నేనింకా లెక్కలోనే ఉండగా శత్రువులు వచ్చి బయటి నుంచి గోడ పగలగొట్టారు. ఓడిపోయారని టీవీ చెప్పింది. ఆ అక్షరాలు మాత్రం పెద్దవిగానే వేశారు.

"ఈ రిమోట్ల వల్లేనండి," అన్నాను. "మౌస్ అయితే ఈపాటికి..."

"రిమోట్ల వల్ల కాదు. నేను చూపించాలి, నువ్వు ఒప్పుకుంటే నొక్కాలి. ఇంట్లో రోజంతా అదే కదా నాకు. నీళ్ళగ్లాసుకీ అదే, చొక్కా గుండీకీ అదే. అయినా నువ్వు నా పక్కన కూర్చుంటే నేనెవణ్ణి ఓడించాలయ్యా?"

మేనకోడలు నవ్వు ఆపింది. కన్సోల్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఎక్కువగా వాడే బటన్ల పనిని ఒక్కొక్కటిగా ఎడమవైపు బటన్లకు మార్చింది. నా చేతిలోని రిమోట్ తీసేసుకుంది. బావగారు తమ రిమోట్‌ను తొడకూ దిండుకూ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తోనే ఆట మొదటి నుంచి పెట్టారు.

నిదానంగా సాగింది. ఒక రైతును ఎంచుకోవడానికి పట్టే సమయంలో నేనైతే టీ తాగి వద్దును. తప్పు బటన్ పడింది, తిట్టుకున్నారు, సరిచేసుకున్నారు. వలయంలో మళ్ళీ రైతులు పడ్డారు. నేను ఉండబట్టలేక సోఫా వెనక నుంచి, "అటు కాదండి, ముందు ఆ రైతుల్ని వెనక్కి..." అన్నాను.

ఆయన తల తిప్పలేదు.

"అమ్మాయ్, అసలు ఆట కొనెయ్," అన్నారు కూతురితో. "ఈయన్ని కూడా ఇలాంటి డబ్బా ఒకటి కొనుక్కుని వాళ్ళింట్లో కూర్చోమను. ఆన్‌లైన్లో రమ్మను, చెప్తాను ఈయన సంగతి."