సుకీనెం కోర్టు

జావాలోని ఆ పల్లెలో ఆగస్టు బ్యాడ్మింటన్ పోటీలు నలభై ఒక్క ఏళ్లుగా ఒక్కసారీ ఆగలేదు. ఆ మట్టి కోర్టుని మొదటినుంచీ సుకీనెం ముసలమ్మే చదును చేస్తోంది. లుంగీ ఎగదోపి, ఈనెల చీపురు పట్టిందంటే ఎవర్నీ అడుగు పెట్టనివ్వదు. ఈసారి ఫైనల్ పొద్దున కుండపోతగా వాన కురిసింది.

"ఈ ఏడాదికి వదిలేద్దాం పెద్దమ్మా. ఇది కోర్టా, వరిమడా? నాట్లేసుకోవచ్చు" అన్నాడు పోటీలు నడిపే జర్వో.

"నీ నెత్తిన వేస్తా నాట్లు! పోయి మిల్లునుంచి ఊక పట్రా."

ఏడు బస్తాల ఊక పరిచింది, తడి పీల్చాక ఊడ్చేసింది, మళ్లీ పరిచింది. మధ్యాహ్నానికి చెప్పులు విడిచి, మూలమూలనా మడమతో నొక్కి చూసింది. మూడు మూలలు గట్టిపడ్డాయి. నాలుగోచోట మడమ దిగింది.

"చెప్పానా!" అన్నాడు జర్వో.

"ఇంకో బస్తా విప్పు. ఆ ఆడేవాళ్లని ఒళ్లు వేడెక్కించుకోమను."