మామగారి వాటా నీళ్లు

అడవి మధ్య ఊరు కిష్టారంలో పొజ్జేతో పెట్టుకుని బాగుపడినవాడు లేడు. ఆమె ఫారెస్టు గార్డుని హిందీలో, సంతలో చింతపండు కొనే సేటుని తెలుగులో, మేకల్ని తన సొంత భాష దోర్లీలో తిడుతుంది. భేజ్జి అనే ఊరి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. భర్త జ్వరంతో పోయాక ఇప్పపువ్వు, తునికాకు ఏరి కూతురు దేవేని పెంచింది. దేవేకి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. నొప్పి లేచిందంటే ఆ పిల్ల కాళ్లు పట్టుకుని మెలికలు తిరుగుతుంది. పొజ్జే నోరు మూతపడేది అప్పుడే.

అందుకే ఆ జబ్బుకి కొత్త మాత్ర పరీక్ష కోసం మా ల్యాబ్ వాళ్లం పిల్లల్ని వెతుకుతూ వెళ్తే, అందరికంటే ముందు ఆమె వచ్చి నిలబడింది. నేను కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టిన తెలుగువాణ్ణి. మూడు భాషలు వచ్చని ఈ పనిలో పెట్టుకున్నారు. మాత్రతోపాటు పిల్లకి రోజూ ఒక చిన్న సీసా భారజలం తాగించాలి. చూడ్డానికి మామూలు నీళ్లే, కాస్త బరువు. ఒంట్లో కొత్తగా పుట్టే రక్తకణాల్లోకి ఆ బరువు చేరుతుంది. ఎంత త్వరగా చేరిందో కొలిస్తే లోపల ఏ పని చురుగ్గా నడుస్తోందో, ఏది నత్తనడక నడుస్తోందో, మాత్ర దాన్ని మార్చిందో లేదో తెలుస్తుంది.

మాత్రలు మొదలయ్యాక దేవే నొప్పి లేకుండా సంతకు నడిచి వెళ్లింది. కొలతలు మాత్రం అడ్డదిడ్డంగా వచ్చాయి. ఒంట్లో ఉండాల్సిన భారజలం సగం కూడా లేదు. ల్యాబ్ నుంచి ఈ పరీక్ష నడిపే కళ్యాణ్ సార్ జీపు వేసుకుని దిగారు.

"ఏమ్మా, నీళ్లు మొత్తం తాగిస్తున్నావా?"

"తాగిస్తున్న సారూ. ముందు పెద్దలకు పోసి, మిగిలింది పిల్లకు."

ఏది తాగినా ముందు పోయిన పెద్దల పేరున నేలమీద కొంచెం వంచడం అక్కడి పద్ధతి.

"పెద్దలకంటే రెండు చుక్కలేగా?" అన్నారు సార్.

"రెండు చుక్కలతోని ఆగేటోడా మా మామ? కల్లు కుండ ఖాళీ అయ్యేదాక లేచేటోడు కాదు."

సరే, ఆయనకి వేరే మామూలు నీళ్లు పోయమన్నారు సార్. పొజ్జే గయ్యిమంది.

"పిల్లకు జీపుల తెచ్చిన నీళ్లు, పెద్దోనికి బోరింగు నీళ్లా? ఊకుంటడా?"

మామగారి వాటా కూడా కలిపి పెద్ద సీసా ఇద్దామని, ఇలాంటి పరీక్షలకి అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీకి సార్ రాశారు. ఆ మహానుభావులు మామగారిని పరీక్షలో చేరిన రెండో మనిషిగా జమకట్టారు. ఆయన వయసెంత, వేరే మందులు వాడుతున్నారా, ఒప్పుకుంటూ వేలిముద్ర వేశారా అని అడిగారు. ఆయన పోయారని రాస్తే, పరీక్షలో ఉన్న మనిషి చనిపోతే వెంటనే ఎందుకు తెలపలేదని నిలదీశారు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆఖరికి హుకుం వచ్చింది: ఈసారి కొలత కుదరకపోతే దేవేని పరీక్ష నుంచి తీసేయాలి, మాత్రలు ఆపేయాలి.

ఆ మాట నేనే చెప్పాను. పొజ్జే తిట్టలేదు. నాకు భయమేసింది. ఆమె సీసా తీసుకుని, దేవే చెయ్యి పట్టుకుని, ఊరి చివర మామ పేరున నిలబెట్టిన రాయి దగ్గరికి నడిచింది. వెనకే సారూ, నేనూ వెళ్లాం.

"మామా" అంది. సీసా ఎత్తి రాయికి చూపించింది.

"నీకు పోసేటోళ్లు ఊర్ల శానమంది ఉన్నరు. నాకు ఇదొక్కతే ఉన్నది. కోపమొస్తే నా మీదికి రా, దీని జోలికి రాకు. ఇయ్యాల నువ్వు దూపతోనే ఉండు."

సీసా మూత తీసి కూతురి నోటికి పెట్టింది. మొత్తం తాగించింది. దేవే గడ్డం మీద ఒక చుక్క నిలిచింది. అది నేలమీద పడకుండా పొజ్జే వేలితో తీసి పిల్ల నోట్లో పెట్టింది.